శ్యామ్‌సుందర్‌కి దొరకని నేల

శ్యామ్‌సుందర్‌ని చూసి అసూయపడేవాళ్లు కూడా ఉంటారంటే నాకు నవ్వొస్తుంది గానీ, డెన్వర్ తెలుగువాళ్లలో ఉండేవారు. వయోమింగ్‌లో బొగ్గు గని ఇంజనీరు, సొంత ఇల్లు, పెద్ద పికప్ ట్రక్కు, దాని వెనకద్దానికి తగిలించిన రైఫిలు. ఆ రైఫిలు ఒక్కసారైనా పేలగా నేను వినలేదు. మా ఆయన అదే గనిలో సర్వేయరు. ఊళ్లో తెలుగు ఇళ్లు రెండే. అందుకని ఏడేళ్లపాటు అతని కోతలు వినే భాగ్యం నాకు పట్టింది.

తనకేదైనా కావాలంటే శ్యామ్‌సుందర్ తను వెళ్లి అడగడు, ఇంకొకరి చేత అడిగిస్తాడు. కాలేజీ సీటు మేనమామ అడిగిపెట్టాడు, అమెరికాలో ఉద్యోగం ఒక సీనియర్ అడిగిపెట్టాడు. ‘అడగందే అమ్మైనా అన్నం పెట్టదు’ అంటారు. ఇతగాడు ఆ అన్నం కూడా చెల్లెలి చేతే అడిగించి ఉంటాడు. దానికి అతను పెట్టుకున్న పేరు పలుకుబడి.

శరత్కాలం వచ్చిందంటే గని ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. అందరూ ప్రాంగ్‌హార్న్ జింకల వేటకి పోతారు. తిరిగొచ్చాక నెల్లాళ్లు అవే కబుర్లు. ఆ కబుర్లలో శ్యామ్‌సుందర్‌కి చోటు లేదు. ఏడేళ్లలో ఒక్కడూ అతన్ని రమ్మని పిలవలేదు. ఒక్క జింకని కొట్టి, దాని కొమ్ములు ఆఫీసు గోడకి తగిలిస్తే తనూ వాళ్లలో ఒకడవుతాడని అతని ఆశ. అదీ గైడుని పెట్టుకోకుండా కొట్టాలి. డబ్బిచ్చి గైడుని వెంటేసుకెళ్లేవాణ్ణి అక్కడివాళ్లు చూసే చూపు అతనికి తెలుసు. ఆశ తప్పని నేననను. ఆ మనిషిలో నాకు జాలి కలిగించింది అదొక్కటే.

అక్కడ వేటకి టాగ్ కావాలి, అంటే ఒక జంతువుని కొట్టుకోమని ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఏ ప్రాంతానికిస్తే అక్కడే చెల్లుతుంది, ఎవరి పేరున ఉంటే వాళ్లే కొట్టాలి. మంచి ప్రాంతాలకి వేసవిలో లాటరీ తీస్తారు. 1984 లాటరీలో శ్యామ్‌సుందర్‌కి రాలేదు. తర్వాత మిగిలిపోయిన టాగులు అమ్మితే, అందులో ఒకటి దొరికింది. దరఖాస్తు నింపిందీ, పోస్టు చేసిందీ అతని భార్య జయంతి. గొప్ప మాత్రం ఇతనిది. ఎవరూ అడగని ప్రాంతాన్ని ఎంచుకోవడంలోనే ఉంది తెలివంతా అని మా ఇంట్లో కూర్చుని నా పకోడీలు తింటూ చెప్పాడు. అక్కడ ఎందుకు మిగిలాయో ఒకసారి కనుక్కోమన్నాడు మా ఆయన. శ్యామ్‌సుందర్ ఇంకో పకోడీ తీసుకున్నాడు.

ఎందుకు మిగిలాయంటే, అక్కడ నేలంతా ప్రైవేటు రాంచీలది, అంటే పశువుల్ని మేపుకునే పెద్ద పెద్ద కమతాలది. మ్యాపులో మధ్యమధ్య పసుపు రంగు ముక్కలున్నాయి, అవి ప్రభుత్వ భూములు. అది పోరంబోకే కదా, ఎవరైనా పోవచ్చునన్నాడు ఇతను. పోవచ్చు, ఎగరగలిగితే. ఆ ముక్కల చుట్టూ రాంచీలే, దారంటూ లేదు. మన పొలాల్లో గట్టు మీద నడిచి పోయినట్టు ఇక్కడ పోతే వేటగాళ్లపై నిఘా ఉంచే ప్రభుత్వ వార్డెన్ వచ్చి టాగూ తుపాకీ రెండూ పట్టుకుపోతాడని ఆఫీసులో ఎవరో చెబితే గానీ అతనికి బోధపడలేదు. అప్పటికే నేల చూసుకున్నాననీ, ఆ నేల గలవాళ్ల అనుమతి కూడా వచ్చేసిందనీ ఆఫీసంతా చాటుకుని ఉన్నాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు! ఇప్పుడు నేల దొరక్కపోతే నలుగురిలో తలెత్తుకోలేడు.

ఆ ప్రాంతంలో పెద్ద రాంచీ వెర్నా అనే ముసలావిడది. అక్కడి పద్ధతి చాలా తేలిక. ముందుగా వెళ్లి, టోపీ తీసి, తలుపు తట్టి, మీ నేల మీద వేటాడనిస్తారా అని అడగాలి. శ్యామ్‌సుందర్ బ్యాంకు మేనేజరు చేత ఫోన్ చేయించాడు. తర్వాత పళ్ల డాక్టరు చేత, ఆ తర్వాత గని మేనేజరు భార్య చేత. ముగ్గురితోనూ వెర్నా ఒకటే అన్నదట, ఆ మనిషికి కాళ్లు లేవా అని. చివరికి విసుగొచ్చి, శనివారం దూడలకి టీకాలు వేస్తున్నాం, వచ్చి ఓ చెయ్యి వేయమనండి, మనిషిని చూస్తాను అని కబురు పెట్టింది.

ఇంతకన్నా సులువైన పరీక్ష ఎవరికైనా ఉంటుందా? మహానుభావుడు అందులోనూ తప్పాడు. ఇంజనీరు వెళ్లి దూడల పేడలో నిలబడటమా అనుకున్నాడు. పెళ్లికో, పదకొండో రోజు భోజనానికో వెళ్లినట్టు ఇంటికొకరు వెళ్తే చాలునని తేల్చాడు. మన తరఫున నువ్వు వెళ్లిరా అని జయంతికి చెప్పి, తోడు వెళ్లమని నన్ను బతిమాలమని కూడా జయంతికే చెప్పాడు. నేను వెళ్లింది ఆ పిల్ల ముఖం చూసి.

భర్త పాత కోటు తొడుక్కుని, పులిహోర డబ్బా పట్టుకుని జయంతి కారు దిగింది. వెర్నా మా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూసింది. ఎవరూ దిగలేదు. జయంతికి తోలు గ్లవ్స్ ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టింది. దూడ వచ్చినప్పుడల్లా తెరవాలి, వెనకది దూరకముందే మూయాలి. మొదట రెండుసార్లు తడబడింది, ఒక దూడ ఆమె కాలు తొక్కింది. మధ్యాహ్నానికల్లా అరుస్తూ, అదిలిస్తూ, ముక్కు తుడుచుకుంటూ పని చేసింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు. నేను కంచె పక్కన కూర్చుని చలికి వణికాను, అంతకు మించి పొడిచిందేమీ లేదు.

భోజనాల దగ్గర వెర్నా పులిహోరలో ఎండుమిరపకాయలు ఏరి పక్కన పెట్టుకుంటూ కారణం చెప్పింది. పోయిన ఏడు ఎవరికో ఫోన్‌లోనే సరేనన్నది. వాళ్లు గేటు తెరిచి వదిలేసి, ఒక ఆవుని కాల్చి పోయారు. అందుకే తుపాకీతో తిరిగేవాడి ముఖం చూడందే ఎవరినీ రానివ్వదు. పని ముగిశాక జయంతిని పిలిచింది. ఈ నేల మీదికి నువ్వు ఎప్పుడైనా రావచ్చు, అడగక్కర్లేదన్నది. తర్వాత అసలు మాట అడిగింది.

“మీ ఆయన్ని నేను చూడలేదు. నిన్ను చూశాను. అతన్ని రానివ్వమంటావా? నీ మాట మీద రానిస్తాను.”

ఇంకేముంది, పని అయిపోయిందనుకున్నాను. జయంతి గ్లవ్స్ విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి వెర్నాకి తిరిగి ఇచ్చింది.

“వద్దు” అన్నది ఇంగ్లీషులో, మెల్లగా.

కారు వెర్నా గేటు దాటింది. ఎందుకలా అన్నావని నేనే అడిగాను.

“ఈ ఊరికొచ్చి సెవెన్ ఇయర్స్ అయింది అక్కా. నన్ను ఒకటి అడిగి, నేనేం చెప్తానా అని వెయిట్ చేసిన మొదటి మనిషి ఆవిడే. అబద్ధం చెప్పలేకపోయాను.”

ఇంటికెళ్లేసరికి శ్యామ్‌సుందర్ సోఫాలో కూర్చుని రైఫిలు తుడుస్తున్నాడు. ఏమందని అడిగాడు, నన్ను. జయంతే జవాబు చెప్పింది. రానివ్వనా అని వెర్నా తనని అడిగిందనీ, తనే వద్దన్నదనీ. అతను ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆ నవ్వుని ఏం చేసుకోవాలో తెలియలేదు. సీజను మొదలవడానికి ఇంకా టైముంది. ఆమె వెర్నాకి ఫోన్ చేసి మాట మార్చుకుంటే అతనికి నేల దొరుకుతుంది, కొమ్ములూ దొరుకుతాయి. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. జయంతి కుర్చీ లాక్కుని అతనికెదురుగా కూర్చుంది. కూర్చుని ఎదురుచూసింది. అతను ఒక్క మాట అడిగి ఉంటే ఒప్పుకునేదేనని నేనిప్పటికీ నమ్ముతాను.

శ్యామ్‌సుందర్ నా వైపు తిరిగాడు.

“అక్కయ్యగారూ, మీరైనా కాస్త అడగండి, ఎందుకు వద్దన్నదో.”

“ఎదురుగానే ఉంది కదయ్యా, నువ్వే అడుగు” అన్నాను.

జయంతి అలాగే కూర్చుంది. అతను మళ్లీ రైఫిలు తుడవడం మొదలుపెట్టాడు.