ముందు నడిచే హక్కు

మా ముత్తాత శిస్తు వసూలు చేసే మాలీ పటేలు, మా తాత పోలీసు పటేలు, పటేండ్ల కాలం ముగిసిపోయాక కూడా మా బాపు ఊరికి పటేలే. పెద్దపల్లి అవతలి గుట్టల్లో, బండ మీది నుంచి వాగు దూకే గుండం మొదలుకొని కింది పొలాల దాకా రెండు ఒడ్లూ మా పట్టాలోనే ఉండేవి. శ్రావణంలో నీళ్లు నిండుగా దూకే రోజుల్లో ఊరివాళ్లూ చుట్టాలూ అక్కడికి వనభోజనానికి కదిలితే, వాగు వెంట మా ఇంటి పెద్ద ముందు నడిచేవారు. ఆయన గుండంలో కాలు పెట్టి కొబ్బరికాయ కొట్టేదాకా ఎవరూ నీళ్లలో దిగేవారు కాదు, దారిలో ఆయనను దాటి ఎవరూ అడుగు వేసేవారు కాదు.

మొన్నటి వానలకు నేనొక్కడినే ఆ దారి పట్టాను. రెండు గుట్టలూ దగ్గరై, వాగులోని బండల మీదే నడవాల్సి వచ్చే ఇరుకు దగ్గర, కాలేజీ పిల్లలు నవ్వుకుంటూ వచ్చి "తాతా, జర జరుగు" అని నన్ను దాటుకుని పోయారు. నాకు ఒళ్లు మండింది. ఆ తరువాత అక్కడే నిలబడిపోయాను.

బాపు చివరిసారి ఆ దారిన ముందు నడిచింది, తెలంగాణ వస్తుందా రాదా అని ప్రతి చాయ్ హోటల్లో వాదించుకునే రోజుల్లో. గోదావరి వైపున్న మా పొలాలు అప్పటికే ఓపెన్‌కాస్టు బొగ్గుగని కింద పోయాయి, నేను గని ఆఫీసులో గుమాస్తాగా చేరాను, మా అక్కను గోదావరిఖనిలో బొగ్గుబావి దిగే మనిషికి ఇచ్చాము, ఈ మూడింటిలో ఏది ఎక్కువ బాధో బాపు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు ఆయాసం ముదిరింది. నడవొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఈసారి తమ్ముడు ముందు నడుస్తడు బాపూ అని అక్క బతిమాలితే, "నేను బతికే ఉన్న గద" అన్నారు, అంతే.

ఆ శ్రావణంలోనూ బాపే ముందు నడిచారు. ఆయన వెనుక, మా ఇంట్లో జీతం చేస్తూ ముసలివాడైన కాక, కొబ్బరికాయను తువ్వాలులో చుట్టి నడుముకు కట్టుకుని నడిచాడు. కాక వెనుక నేను, కాసిపేట నుంచి వచ్చిన చుట్టాలు, ఆడవాళ్లు, పిల్లలు, అందరికన్నా చివర బావ. ఇరుకులోకి వచ్చేసరికి బాపుకు ఊపిరి అందక చేతికర్ర ఆనించి నిలబడ్డారు. ఆయన నిలబడితే వరుసంతా నిలబడింది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే ఆయన అలసిపోయారని అన్నట్టవుతుంది. పాదాలు ముంచే నీళ్లలో అందరం గుట్టల వైపు చూస్తూ, నీళ్లు దూకే చప్పుడు వింటూ నిలబడ్డాము. మా మీద చినుకు లేదు, గుట్ట మీద మాత్రం మబ్బు నల్లగా దిగి ఉంది.

నీళ్లు ఎర్రబడటం మొదట చూసింది బావే. వెనుక నుంచే కేకేశాడు.

"మామా, పైన వాన పడ్డది. ఎనుకకు మర్రుండ్రి."

"ఏంది అల్లుడా, భయమైతున్నదా? గిది మీ బొగ్గుబావి కాదు."

"బావిలనన్న ముందటోడు ఆగితే ఎనుకటోడు అడుగుతడు మామా. ఈడ అడిగెటోడే లేడు."

బాపు తిరగలేదు. మా ఇంటివాళ్లు గుండం ముట్టకుండా మళ్లిన రోజు లేదు మరి. బావ ఆడవాళ్లనూ పిల్లలనూ ఒక్కొక్కరినే ఒడ్డు మీదికి ఎక్కించసాగాడు, మేనకోడలిని చంకనెత్తుకుని నేనూ ఎక్కాను. నీళ్లు మోకాళ్లు దాటాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. కాకా, నువ్వన్న రా అని అక్క ఏడుస్తూ పిలిచింది.

"పటేలు మర్రినంక నేను మర్రుత బిడ్డా" అన్నాడు కాక, ఇంటి ముందు పశువులను కట్టేస్తూ చెప్పినంత మామూలుగా.

అప్పుడు బాపు తిరిగారు. తిరిగేసరికే వరద వచ్చి పడింది. చేతికర్ర ముందు పోయింది. కాక రెండు చేతులతో బాపును బండ వైపు నెట్టాడు, పైనుంచి వంగిన బావ ఆయన చెయ్యి అందుకున్నాడు, ఇంకో చెయ్యి కాక కోసం చాచే ఉంచాడు. అది అలాగే చాచి ఉంది చాలాసేపు.

కాక మరునాడు కింద రోడ్డు మోరీ దగ్గర దొరికాడు. నడుముకు తువ్వాలు ఉంది, అందులో కొబ్బరికాయ పగలకుండానే ఉంది.

ఆయనను సాగనంపిన రోజు ఊరివాళ్లు మా బాపుకు అలవాటు ప్రకారం దారి వదిలారు. బాపు ముందుకు రాలేదు. పాడె ఎత్తాక, జనమంతా కదిలాక, అందరికన్నా చివర, కర్ర లేకుండా, ఆగి ఆగి నడిచారు. వెనక్కి చూసినవాళ్లు ఎవరూ ఆయన కోసం ఆగలేదు, ఆగవద్దని ఆయనే చెయ్యి ఊపారు. ఆ తరువాత ఆయన దేనికీ ముందు నడవలేదు. రాష్ట్రం రావడం చూడలేదు.

ఇప్పుడు ఆ ఇరుకులో సిమెంటు మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి ఇనుప పైపులు ఉన్నాయి. ఎవరు ముందు, ఎవరు వెనుక అనేది లేదు, ఊపిరి ఉన్నవాడు ముందు పోతున్నాడు, అలసినవాడు కూర్చుంటున్నాడు. మంచిదే కావచ్చు. మా తరం వాళ్లలో ఎవరైనా ఆ మెట్ల మీద నిలబడితే, వెనుక ఎవరూ ఆగి నిలబడని ఆ ఖాళీ వాళ్లకూ తెలుస్తుందేమో. మొన్న నేను గుండం దాకా పోలేదు.

బాపు పోయిన మరుసటి ఏడు మేము ఆ పట్టా అమ్మేశాము. గుండం, రెండు ఒడ్లు, ఇరుకు, కాక బాపును నెట్టిన ఆ బండ, అన్నీ అందులోనే పోయాయి.