మా శాఖ గాలి, ముత్తమ్మ చేట

ఎనభైల నడుమ ఒక మార్చి నెలలో నన్ను భద్రాచలం అడవి అంచున ఉన్న సెక్షన్‌కు జూనియర్ ఇంజనీరుగా వేశారు. శాఖ పేరు చెప్పను. రోడ్లు, కల్వర్టులు, పెద్దవాళ్లు గాల్లో వస్తే హెలిపాడ్లు మా పని. చేరిన వారానికే ఉత్తర్వు వచ్చింది: హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి అడవుల రక్షణ మీద ఉపన్యసించడానికి గోదావరి ఒడ్డు కోయగూడేనికి వస్తున్నారు, హెలిపాడ్ సిద్ధం చేయాలి.

పాల్వంచలో అప్పటికే ఒక హెలిపాడ్ ఉంది. అక్కడ దిగి జీపులో వస్తే సరిపోతుంది కదా అని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారిని అడిగాను. అడవిని కాపాడమని చెప్పడానికి వచ్చే మనిషి దుమ్ములో రావాలా అన్నారాయన. నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు కనుక ఆ వాదనలో నాకు బలం కనిపించింది.

హెలికాప్టర్ దిగేదీ లేచేదీ గాలికి ఎదురుగానే. అందుకే హెలిపాడ్ పటంలో గాలి దిక్కుకు ఒక బాణం గీస్తారు. ఆ బాణం వెంట అటూ ఇటూ ఎత్తయిన చెట్లుంటే కొట్టేయాలి. మా పటంలో బాణం పడమర నుంచి తూర్పుకు ఉంది. తూర్పున ఆరు ఇప్పచెట్లున్నాయి. అవి పూలు రాలే రోజులు. గూడెంలో ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది. ఆ పూలు ఎండబెట్టుకుంటేనే వానాకాలం గడుస్తుంది. ఆరింటికీ సున్నం గుర్తులు నేనే పెట్టించాను. మొదటి చెట్టు పొద్దున్నే పడింది.

అది ముత్తమ్మది. అరవై దాటిన ఒంటరి మనిషి. ఏడవలేదు, తిట్టలేదు. పడిన కొమ్మల కింద పూలు ఏరుకుని వచ్చి, నా చేతిలో కాగితం ఏందని అడిగింది. గాలి ఎటు వీస్తుందో ఇందులో ఉందన్నాను.

"కాగితంల గాలి ఉంటదా సారూ? ఇది మా కల్లం. పొట్టు ఎప్పుడు ఎగరబోసినా ఏటి వెంబడే పోతది."

ఇంటికి పోయి చేటలో జొన్న పొట్టు తెచ్చి, ఎత్తి పోసింది. పొట్టు ఏటి వెంట ఉత్తరానికి పోయింది. ఇంకోసారి పోయమన్నాను. మళ్లీ అటే పోయింది. ఆ దారిలో ఇసుక తప్ప ఒక్క చెట్టూ లేదు.

"నాది పోయింది. కడమ ఐదన్న ఉండనియ్యి సారూ," అంది. గొడ్డళ్లు ఆపించి ఆఫీసుకు పరుగెత్తాను.

పాత ఫైళ్లు తీస్తే సంగతి బయటపడింది. మా పటం వేరే ఊరి హెలిపాడ్ పటానికి నకలు, అది ఇంకో ఊరి దానికి నకలు. గాలిని చూసినవాళ్లు లేరు, గీసినవాళ్లే ఉన్నారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి దగ్గర ఇప్పచెట్ల మాట ఎత్తితే ఆయన గడియారం చూసుకున్నారు. గాలి అడ్డంగా కొట్టి జరగరానిది జరిగితే పటం మీద సంతకం ఎవరిదని అడుగుతారని అన్నాను. సంతకం ఆయనది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదటే చెప్పవేమయ్యా అని నన్నే కోప్పడ్డారు. గంటలో కొత్త పటం గీసిచ్చాను, ఐదు చెట్లు మిగిలాయి.

హెలికాప్టర్ ఏటి వెంబడే వచ్చి చక్కగా దిగింది. చెట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకోబోమని ఆ పెద్దమనిషి గూడెం వాళ్లను గట్టిగా హెచ్చరించారు. వేదిక ఎక్కడానికి ఆయన కాలు మోపిన మెట్టు ముత్తమ్మ చెట్టు మొద్దే.

రెండేళ్లకు నన్ను ఇల్లందుకు మార్చారు. అక్కడా ఒక హెలిపాడ్ పడింది, పై ఆఫీసు నుంచి నమూనా పటం వచ్చింది. అందులో బాణం గూడెం కోసం నేను గీసిందే. పక్కన గోదావరి కూడా ఉంది. ఇల్లందులో బొగ్గు ఎంతైనా దొరుకుతుంది గానీ గోదావరి దొరకదు.

ఇందులో నేను నేర్చుకున్నవి రెండు. ఫైలులో చెట్టు ఊసు ఎత్తకూడదు, సంతకం ఊసు ఎత్తాలి. సున్నం డబ్బా కంటే ముందు చేట తెప్పించాలి. ఈ రెండోది నాకు ఒక చెట్టు ఆలస్యంగా తెలిసింది.