మేమంతా వేరువేరు మనుషులమండి

ఈ ఉదయం మా వీధి వాట్సాప్ గ్రూపులోంచి ఎవరో పొరపాటున ఒక పెద్దావిడను తీసేసి, కాసేపటికి మళ్ళీ చేర్చి, సారీ అండి అని ఒక దండం బొమ్మ పెట్టారు. ఆవిడా తిరిగి దండం బొమ్మ పెట్టింది, మధ్యాహ్నానికి అందరూ మరిచిపోయారు. నేను మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా ఆ రెండు దండాలనే చూస్తూ కూర్చున్నాను.

మావారు పోయిన కొత్తల్లో, బోసిపోయిన ఇంట్లో పొద్దు గడవక కంప్యూటరు కొనుక్కున్నాను. అప్పట్లో మొక్కల మీద తెలుగులో ఒక ఫోరం ఉండేది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కడియం నర్సరీల మధ్య పుట్టి పెరిగినదాన్ని, అంటు ఎప్పుడు కట్టాలో, ఏ మొక్కకు ఎంత నీరు పొయ్యాలో చెప్పడం నాకేం కష్టం? చెప్పినకొద్దీ నా పేరు పక్కన నక్షత్రాలు పెరిగాయి. అక్కడే, రాయలసీమలో ఎక్కడో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన, మా ఊరినుంచి తెప్పించుకున్న సంపెంగ మొక్క గురించి రోజూ ఏదో ఒకటి అడిగేవారు. నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. అడగడానికి ఏమీ లేని రోజున కూడా, ఇవాళ కొత్త ఆకు వేసిందమ్మా అని రాసేవారు. ఆ ఒక్క మాట కోసమే పొద్దున్నే లేచేదాన్నంటే నవ్వకండి.

ఇక మావాళ్ళ సంగతి. తోడికోడలు, ఆడపడుచు, పిన్ని సాయంత్రాలు మా ఇంటికే వచ్చి, నా కంప్యూటరులోనే తలా ఒక ఖాతా తెరుచుకున్నారు. మా వైపు ఒకరు ఏదైనా చెబితే చుట్టూ ఉన్నవాళ్ళు ఔననకుండా ఊరుకోరు, ఊరుకుంటే అలిగారనుకుంటారు. అందుకని నేనేం రాసినా దాని కింద, నలుగురూ చూసే చోటు కదా అని వరసలు మానేసి, "బాగా చెప్పారండి", "నిజమేనండి" అని రాస్తేగాని ఇళ్ళకు కదిలేవారు కాదు. ఫోరం నడిపేవాళ్ళకు కనిపించింది ఏమిటంటే, కంప్యూటరు ఒకటి, పేర్లు నాలుగు, పొగడ్త మాత్రం ఒకరికే. ఒకే మనిషి ముసుగులు మార్చి తనను తానే పొగుడుకుంటోందని తేల్చి, మా అందరినీ ఒక్కసారే గెంటేశారు.

"ఏంటక్కా, బాగుందంటే కూడా తప్పేనా?" అని మా తోడికోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకు ఏడుపు కాదు, ఒళ్ళు మండింది. ఎన్నిసార్లు బతిమాలుతూ రాసినా జవాబు లేదు. చివరికి నలుగురం వరండాలో పక్కపక్కన కూర్చుని ఫోటో తీయించుకుని, మేమంతా వేరువేరు మనుషులమండి అని రాసి పంపాను. ఆ ఫోటో కోసం పిన్ని పట్టుచీర కట్టుకుంది. కొన్ని వారాల తరువాత వాళ్ళు పొరపాటైందని ఒప్పుకుని, నక్షత్రాలతో సహా నా పేరు నాకు తిరిగిచ్చారు.

లోపలికి వెళ్ళగానే అన్నయ్యగారి కోసం వెతికాను. నేను లేని రోజుల్లో, సంపెంగ ఆకులు పసుపెక్కాయి, చెల్లెమ్మ కనబడటం లేదేమని అడిగారు. దాని కింద ఎవరో, అలాంటి మనిషే లేదండి, అంతా దొంగ పేర్ల నాటకం అని చెప్పారు. ఆ తరువాత ఆయన రాసింది ఒక్కటే ముక్క: "అయితే ఇన్నాళ్ళూ నేను మాట్లాడింది ఎవరితోనండి?"

నీళ్ళు తగ్గించండి అన్నయ్యగారూ, నేనున్నాను, నిజంగానే ఉన్నాను అని రాశాను. ఆయన మళ్ళీ రాలేదు. ఊరూ పేరూ అడిగి ఉంచుకోవాలని ఆ రోజుల్లో మనకెవరికి తోచింది?

ఇప్పుడు తీసేయడమూ, చేర్చుకోవడమూ ఒక్క వేలితో అయిపోతున్నాయి, ఎవరూ పెద్దగా బాధపడటం లేదు, మంచిదే. ఆ ఫోరంలో ఇప్పుడెవరూ రాయరు గాని పేజీ మాత్రం ఇంకా తెరుచుకుంటుంది. ఇవాళ కూడా తెరిచాను. నా పేరు పక్కన నక్షత్రాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఆయన ప్రశ్న కింద నా జవాబు ఉంది, దాని కింద ఏమీ లేదు.