రెండు ఉత్తరాలు, ఒక తర్జుమా

మొన్న మా ఇంట్లో పాత పరుపు విప్పి దూది ఏకించాం. వరండా అంతా నూగు. ఆ పొడి వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి నన్నడక్కుండానే చిటికెడు దూది తీసుకుంది. రెండు బొటనవేళ్ళ కింద అదిమి, మెల్లగా లాగి, పింజ ఎంత పొడుగుందో చూసింది. "ఏంటండీ ఆ పని?" అంది మా ఆవిడ. ఏం లేదన్నాను. డెబ్బై దాటినా మరిచిపోని ఆ పని నాకు కోటయ్య బాబాయి నేర్పాడు.

బాబాయి అంటే చుట్టం కాదు. నరసరావుపేటలో మా పక్కింటాయన. పత్తి జిన్నింగు మిల్లులో సరుకు నాణ్యం తేల్చడం ఆయన ఉద్యోగం. పత్తి కూరిన బోరెం పైపైన చూసి చెప్పే రకం కాదు. మోచేతిదాకా చెయ్యి దూర్చి, నడుమనుంచి పిడికెడు పత్తి తీసి, పింజ లాగి, "రెండో రకం" అనేవాడు. ఇక దేవుడు దిగొచ్చినా అది ఒకటో రకం కాదు. నా పదో ఏట మా నాన్న పోయాక, మా ఇంట్లో ఏ సంగతి వచ్చినా "మీ బాబాయినడుగు" అనేది అమ్మ. ఆయన అన్నదే ఖాయం.

ఒకసారి బొల్లాపల్లి రైతొకాయన ఆయన మీద ఇంతెత్తున లేచాడు. "మళ్ళీ చూడవయ్యా! వానకు ముందు తీసిన పత్తి. తప్పు చూశావు!" బాబాయి చెయ్యి దులుపుకుని, "నా వేళ్ళు తప్పు చెప్పవు" అన్నాడు. ఇంటికొస్తూ నేనుండబట్టలేక, నిజంగా ఎప్పుడూ తప్పు పోలేదా అని అడిగాను. "పోయినా అననురా. ఒక్కసారి అన్నాననుకో, రేపట్నుంచి ప్రతి బండీ తగువుకే వస్తది" అన్నాడు. అప్పటి నా బుర్రకు ఆ జవాబు మహా తెలివిగా తోచింది.

యుద్ధం అయిపోయిన మరుసటేడు గుంటూరులో నా ఇంటరు పూర్తయింది. మావైపు చదువుకున్నవాడంటే ప్లీడరో, మాస్టారో. నేను బి.కాం. చదువుతానంటే, వ్యాపారం కాలేజీలో నేర్చుకునేదేందని వీధి వీధంతా నవ్వింది. బాబాయి మాత్రం నవ్వలేదు. "మన పత్తికి బొంబాయోళ్ళు ధర కడతన్నారు. ఆ కిటుకేందో మనోడొకడు నేర్చుకోవద్దూ?" అన్నాడు. బొంబాయిలో ఒక కాలేజీకి, మద్రాసులో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టాను. రెండిట్లోనూ ఉన్న సీట్లు కొద్ది, వచ్చేవాళ్ళు కొల్లలు. ఒక్కటొస్తే చాలని మొక్కుకుంటే, ఒకే వారంలో రెండూ వచ్చిపడ్డాయి. పది రోజుల్లోగా జవాబు రాయమని రెండిట్లోనూ ఉంది.

అప్పుడు మొదలైంది నా అవస్థ. బొంబాయి ప్రాస్పెక్టసు నున్నటి కాగితం మీద, రాతి మేడ ఫొటోతో వచ్చింది. మద్రాసుది పల్చటి కాగితం, ఫొటో లేదు. కానీ అక్కడ తెలుగువాళ్ళుంటారు, రాత్రి రైలెక్కితే పొద్దునకు చేరొచ్చు, సెలవు సెలవుకూ ఇంటికి రావచ్చు. పొద్దున్నే లేచి బొంబాయే అనుకునేవాణ్ణి. అమ్మ అన్నం వడ్డిస్తుంటే మద్రాసే అనుకునేవాణ్ణి. ఆరోరోజు రెండు ఉత్తరాలూ పట్టుకుని బాబాయి అరుగెక్కాను.

"మిల్లు కాడ బేరం ఎట్టా చేస్తారో చూశావుగా?" అన్నాడాయన. చూశాను. దళారీ, రైతూ తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. "మొదటి నొక్కుకే తలూపేవోడు వెర్రోడు. ఊరుకో. నువ్వే కావాలని వాళ్ళనుకుంటే, వాళ్ళే మళ్ళీ రాస్తారు. ఎవురు ముందు రాస్తే వాళ్ళకి నీ మీద గురి ఉన్నట్టు. ఆడికి పో."

"పది రోజులే గడువని రాశారు బాబాయ్."

"బేరగాడూ ఇదే ఆఖరి మాటంటాడు. ఎన్నిసార్లంటాడో లెక్కెట్టుకో."

ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకొచ్చు. గడువంటే ఏమిటో నాకు తెలుసు. అయినా నోరెత్తలేదు. ఎంచుకునే బాధ తప్పిందని లోలోపల సంబరపడ్డాను కూడా.

పదిహేనోరోజున బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. "చూశావట్రా!" అని బాబాయి ముఖం చాటంత అయింది. విప్పి, తెలుగులో చదివాను. గడువులోగా నా జవాబు రానందువల్ల సీటు మరొకరికి ఇచ్చేశారట. బాబాయి అరుగు మీద కూలబడ్డాడు. ఏమైందని అమ్మ గుమ్మంలోంచి అడుగుతుంటే, "మద్రాసు బండి ఎన్నింటికి?" అన్నాడు.

గుంటూరులో బండి మారాం, తెనాలిలో మారాం. దారి పొడుగునా ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మద్రాసు కాలేజీ ప్రిన్సిపాలుగారు తమిళాయన. తెలుగు రాదు. నా కాగితాలు తిరగేసి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని ఇంగ్లీషులో గదిమాడు. ఆ గొంతుతోనే బాబాయికి సంగతి అర్థమైంది. భుజం మీది తుండు తీసి నడుముకు చుట్టుకుని, చేతులు జోడించాడు.

"అయ్యా, తప్పు నాది. పిల్లాడిది కాదు. నేను పత్తి మడిసిని. కాలేజీ సీటు కూడా పత్తి బేరమే అనుకున్నా. జవాబు రాయొద్దన్నది నేనే." నావైపు తిరిగాడు. "చెప్పరా. ఉన్నదున్నట్టు చెప్పు."

అన్నేళ్ళలో ఎన్ని బండ్లు ఎదురు తిరిగినా ఆ నోటినుంచి రాని మాట అది. నాకు సిగ్గు వేసింది. ఆయన మాసిన పంచె చూసి సిగ్గు, మా వెర్రి బేరం బయటపడుతుందని సిగ్గు, ఉన్న ఒక్క సీటూ పోతుందని భయం. "మా ఊరికి టపా ఆలస్యంగా వచ్చిందండీ. ఆ సంగతి మనవి చేసుకుందామని మా బాబాయి వెంట వచ్చారు" అన్నాను ఇంగ్లీషులో, తడుముకోకుండా. ప్రిన్సిపాలుగారు బాబాయి జోడించిన చేతులవైపు చూసి, టపావాళ్ళను నాలుగు తిట్టి, చేరని కుర్రాడెవరిదో సీటు నాకు రాసిచ్చాడు.

గేటు బయట బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పావా?"

"చెప్పాను."

"అంతా?"

"అంతా."

తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. "చానా పెద్దమడిసిరా ఆయన" అన్నాడు.

మొదటి సెలవులకు ఇంటికొచ్చి మిల్లుకు వెళ్ళాను. ముప్పాళ్ళ రైతొకాయన పత్తి రకం తప్పుగా తేల్చారని గొడవ పడుతున్నాడు. బాబాయి మళ్ళీ బోరెంలో చెయ్యి పెట్టాడు, పింజ లాగి చూశాడు. "తప్పు నాదే. ఒకటో రకమే. మార్చి రాయండి" అన్నాడు. మిల్లు జనమంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. "ఏందట్టా చూస్తారు? మద్రాసులో అంత పెద్దాయనే, నిజం చెప్పేసరికి మావోడికి సీటిచ్చాడు. ఒప్పుకుంటే నా సొమ్మేం పోయింది?" అన్నాడు, నన్ను చూపించి. నేను తలూపాను. ఊపకుండా ఏం చెయ్యను?

పోయేదాకా ఆయన అలాగే బతికాడు. తగువుకొచ్చే బండ్లు పెరిగాయి. ఆయన ఖాతరు చెయ్యలేదు. నేను ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళు పైగా పనిచేశాను. పొరపాటు చేసినప్పుడల్లా నాదేనని లేచి నిలబడి ఒప్పుకున్నాను. అది నా పుట్టుగుణమని తోటివాళ్ళు మెచ్చుకునేవారు. ఎవరి దగ్గర నేర్చానో చెప్పేవాణ్ణి, ఎట్లా నేర్చానో మాత్రం చెప్పేవాణ్ణి కాదు. ఎవరి ముందు ఒప్పుకోవాలో ఆ మనిషి పక్కింట్లోనే ఉన్నాడు. సెలవు సెలవుకూ వెళ్ళాను, ఆ అరుగు మీదే కూర్చున్నాను, చెప్పకుండానే లేచొచ్చాను.

బాబాయ్, తప్పు నాది. ఆరోజు నువ్వు చెప్పమన్నది నేను చెప్పలేదు.