తోడు అడిగిన సాయంత్రం

కుప్పంలో నేనుండేది మేడమీది ఒంటి గది. ఉద్యోగానికి వచ్చి ఏడాది కావస్తోంది. ఇంతవరకూ ఆ గదిలోకి వచ్చి కూర్చున్న మనిషి లేదు. ఆఫీసులో ఎవరూ రానని అనలేదు, నేనే ఎవర్నీ రమ్మనలేదు. ఒక్కరినైనా పిలవాలని రోజూ అనుకుంటాను. సాయంత్రం ఒక్కదాన్నే గదికి వచ్చేస్తాను.

చాలా రాత్రులు అన్నంలోకి పెరుగు పచ్చడే. మా ఊరు పుంగనూరు దగ్గర. టమోటాలు కోసే రోజుల్లో అమ్మ పొలం నుంచి వచ్చి, పొయ్యి వెలిగించే ఓపిక లేక అదే చేసేది. టమోటా, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, ఉప్పేసి చేత్తో కాస్త నలిపి, గట్టి పెరుగు కలిపేది. మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ గదిలో పొయ్యి పెట్టనిచ్చేవారు కాదు. నలుగురం టిఫిన్ బాక్సులో కీర కూడా వేసి పచ్చడి కలుపుకుని, ఉన్న ఒక్క చెంచాతో వంతులేసుకుని తినేవాళ్లం. కీర ముక్కలు ఎవరికి ఎక్కువ వచ్చాయని పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ముక్కలన్నీ నావే.

ఒకరోజు ఉదయం గిన్నెలోని పెరుగంతా ఊడ్చి తినేశాను. పాలకు వేయడానికి చెంచాడైనా మిగల్చలేదు. సాయంత్రం పాలు కాచాక గానీ ఆ సంగతి గుర్తు రాలేదు. కింది వాటాలో ఉండే అక్క తలుపు తట్టాను. వాళ్లింట్లో అరవం మాట్లాడుకుంటారు, నాతో మాత్రం తెలుగే. మెట్ల దగ్గర ఎదురైతే ఆమె నవ్వుతుంది. నేను తల వంచుకుని పైకి వెళ్లిపోతాను.

"అక్కా, కొంచెం తోడు కావాల," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తోడా? యాడికి పోవాల పాపా?"

పాలకని చెప్పాలి. ఎంత చిన్న మాట. అప్పటికే ఆమె కొంగు దోపుకుని కాలితో చెప్పులు వెతుక్కుంటోంది. నాతో రావడానికి ఒక మనిషి చెప్పులు వేసుకోవడం చూసి ఎన్నాళ్లయిందో.

"అంగడికి," అన్నాను.

"వీధి సివర అంగడికి తోడా? కుక్కలంటే బయమా?"

"ఊ."

"మా ఇంటాయనకీ బయమే. మీసాలు మాత్రం సూడాల."

నాకు నవ్వొచ్చింది.

"నీకు నవ్వుగూడా వస్తాదా? మూగదేమో అనుకుంటి," అంది.

అంగట్లో నేను తీసుకున్న కీరను లాక్కుని వెనక్కి పెట్టేసి, "అది ముదిరిపోయుండాది," అంటూ లేతది ఏరి ఇచ్చింది. నేను పెరుగు ప్యాకెట్ కూడా తీసుకున్నాను. తిరిగి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాక ఆమె చూపు దానిమీద పడింది.

"దీనికా ఇంత దూరం పోయింది? మాయింట్లో ఉండాది కదా. అడగకూడదా?"

"అడిగినాను కదక్కా. పాలకు తోడెయ్యాలనే వస్తి."

ఆమె ప్యాకెట్‌నీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత మెట్టుమీద కూలబడి నవ్వింది. "మేము దాన్ని ఒరమోరు అంటాము. నువ్వు తోడంటే మనిసేమో అనుకుంటి. అడగకూడదా అంటి గానీ, సరిగ్గా సెప్పుంటే తలుపేసుందును. దీపం పెట్టినాక పెరుగు గడప దాటకూడదు."

ఆ నవ్వు ఆగేలోపే అడిగేయాలనిపించింది.

"పైకి రాక్కా. పచ్చడి కలుపుతాను, తినేసి పోదువు."

గొంతు నాదేనా అనిపించింది.

"ఇంటాయన కంచం ముందర కూసోనుంటాడు పాపా. ఇంకో దినం పిలువు, వస్తా," అని లోపలికి వెళ్లిపోయింది.

పైకి వచ్చి కీర తరిగాను. కింద ఆమె జరిగింది భర్తకు అరవంలో చెబుతోంది. మధ్యలో 'తోడు' అన్న మాటొక్కటే నాకు తెలిసింది. ఆయన పెద్దగా నవ్వాడు. నేను కంచం ఒళ్లో పెట్టుకుని, వాళ్ల మాటలు సద్దుమణిగేదాకా నెమ్మదిగా తిన్నాను.

ఆమె వస్తానంది. పిలవాల్సింది నేను. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆ తలుపు ముందు నుంచే మెట్లెక్కాను. ఇప్పుడు పాలకు రోజూ పెరుగు మిగులుతోంది. తలుపు తట్టడానికి సాకు లేదు. సాకు లేకుండా తట్టడం నాకింకా రాలేదు.