నాలుగో పిల్ల జవాబు వినడానికి వెళ్లిన బడి

మా మనవరాలు వసుధ విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. పల్లె బడుల్లో పాఠం జరుగుతుండగా రికార్డు చేసుకొచ్చి, ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు, మధ్యలో ఎంతసేపు ఆగారు అన్నది వరసగా రాసి పరిశీలిస్తుంది. దీన్ని డిస్కోర్స్ అనాలిసిస్ అంటారు. జీవితమంతా లెక్కల టీచరుగా పనిచేసిన నాకు ఇదేం చదువో మొదట అర్థం కాలేదు. తరగతిలో మాటలు చాలావరకు మూడు మెట్లలో నడుస్తాయని తనే చెప్పింది. టీచరు అడుగుతారు, పిల్ల చెబుతుంది, ఒప్పో తప్పో టీచరు అంటారు. అది నేను రోజూ చేసిన పనే. పేరు తెలియదు, అంతే.

శ్రీకాకుళం జిల్లా తీరాన ఒక చిన్న బడిలో చేసిన రికార్డులో మాత్రం రెండో మెట్టు ఒకచోట కనబడలేదు. మాస్టారు వరసలో ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తారు. నాలుగో పిల్ల వంతు వచ్చేసరికి ఏ గొంతూ వినబడదు. కాసేపాగి ఆయన "ఆఁ, సరే" అంటారు, పాఠం సాగుతుంది. మూడుసార్లు వెళ్లినా అదే. మైకు పాడై ఉంటుంది, కొత్తది కొని మళ్లీ ప్రయత్నించు, అప్పటికీ పడకపోతే ఆ వంతులన్నిటికీ 'జవాబు లేదు' అని రాసెయ్యి అన్నారట తన పరిశోధన గైడు. కొత్త మైకు కొంది గానీ ఒంటరిగా వెళ్లనంది. "తేలిక ప్రశ్నకి ఖాళీ చిన్నది అమ్మమ్మా, కష్టమైనదానికి పెద్దది," అంది. పాడైన మైకుకి ప్రశ్న తేలికో కష్టమో తెలియదు కదా అనిపించి నేను బయల్దేరాను.

విజయనగరంలో పొద్దున్నే పాసింజరు ఎక్కాం. చీపురుపల్లికి మనిషికి పది రూపాయలు. నెల్లిమర్ల దాటేదాకా నిలబడ్డాం, తర్వాత కిటికీ పక్క చోటు దొరికింది. చీపురుపల్లి స్టేషను బయట ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ నీళ్లగా ఉంటుంది. ఇద్దరికీ యాభై రూపాయలైంది. అక్కడినుంచి రణస్థలం వైపు బస్సు గంటకొకటి అంటారు, మేము అంతకంటే ఎక్కువే నిలబడ్డాం. రణస్థలంలో దిగాక తీరానికి షేర్ ఆటో. మనిషికి ఇరవై, నిండేదాకా కదలదు. తొందరైతే మొత్తం ఆటో నూట యాభైకి మాట్లాడుకోవచ్చు. నేను తొందరపడలేదు.

ఆటో నడిపే మనిషి నన్ను చూసి బడి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరా అని అడిగాడు. లెక్కల టీచర్నన్నాను. అయితే ఆటో వెనక్కి తిప్పేస్తానని నవ్వాడు. హుద్‌హుద్ తుఫానుకి ఒరిగిన సరుగుడు చెట్లు ఒరిగినట్టే పెరుగుతున్న చోట బండి ఆపేసి, ఇక్కణ్ణుంచి నడవండి అన్నాడు. బడి ఇంకా కొంత దూరంలో ఉంది. ఇసుకలో నడిపిస్తావేమని నేను కోప్పడితే తల గోక్కున్నాడు.

"బడికాడికి బండి తేనండి, ఆరనూ కొట్టను. పిల్లలు ఇంటంటారు."

"పాఠమా?"

"ఏటో నాకేటి తెల్సు మామ్మగోరూ. మా పాపా అక్కడే సదువుతాది. తేవద్దన్నాది, తేను."

రెండు గదులు, ఒక వరండా, పక్కన రేకుల వంటపాక. వెనకే సముద్రం. గాలి బాగా ఉంది, బడి చుట్టూ పిల్లల అల్లరి మాత్రం లేదు. అప్పలరాజు మాస్టారు మర్యాదస్తుడు, చిన్నవాడే. నాలుగో తరగతి వాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. గోడవార వరసలో ఒక చోటు ఖాళీగా కనబడితే, నా మోకాళ్లకు గోడ ఆసరా దొరుకుతుందని అటు వెళ్లి వంగాను. పక్కనున్న పిల్ల, పేరు దేవి, నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"అక్కడ కూకోకండి మామ్మా. గౌరి ఉన్నాది."

చాప మీద ఎవరూ లేరు. పిల్ల ముఖంలో వేళాకోళమూ లేదు. మాస్టారు నాకు కుర్చీ తెచ్చి గుమ్మం దగ్గర వేశారు.

ఎక్కాలు మొదలయ్యాయి. మొదటి పిల్ల, రెండో పిల్ల, దేవి చెప్పారు. తర్వాత మాస్టారు ఖాళీ చోటు వైపు చూసి రెండు మూళ్లెంత అన్నారు. గది ఆగింది. ఊపిరి తీసి చెప్పేంత సేపు. "ఆఁ, సరే," అన్నారు, అయిదో పిల్ల వెంటనే అందుకుంది. మళ్లీ వంతు వచ్చింది. ఈసారి ఏడెనిమిదులు. గది మళ్లీ ఆగింది, ఆగే ఉంది. దేవి పెదవి కొరుక్కుంటోంది, ఎవరికో అందించకూడని జవాబుని నోట్లో పట్టుకున్నట్టు. ఎవరైనా సైగ చేస్తారేమోనని నేను మాస్టారి చేతులూ పిల్లల కళ్లూ చూస్తూనే ఉన్నాను. పరీక్ష హాళ్లలో ఎన్నో సైగలు పట్టినదాన్ని. అక్కడ ఒక్కటీ లేదు.

"కాదమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "మళ్లీ ఆలోచించు."

ఇంకా కాసేపు నిశ్శబ్దం. అప్పుడు తల ఊపారు. పిల్లలందరూ ఒక్కసారే ఊపిరి వదలడం గుమ్మం దాకా వినబడింది.

భోజనాల గంటకి ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను. గౌరి నిరుడు ఒడ్డున అలివి వల లాగుతున్న పెద్దవాళ్లతో ఉండగా అలకి పోయిందట. వెతికారు, దొరకలేదు. సముద్రం తిరిగి ఇచ్చేదాకా ఈ వాడలో కర్మ చేయరు, పోయిందని అనరు, చోటు తీసెయ్యరు. ఆ తర్వాత బడి తెరిచిన రోజు దేవి చెప్పాక ఆయన అలవాటుగా అయిదో పిల్లని అడిగారు. ఆ పిల్ల నోరు విప్పలేదు. ఏమని గద్దిస్తే, గౌరి ఇంకా చెప్పలేదు మాస్టారూ అంది. ఆయన ఆగారు. అప్పటినుంచీ ఆగుతున్నారు.

"జవాబు తప్పని మీకెలా తెలిసింది?" అన్నాను.

"ఏడెనిమిదుల దగ్గర అది ఎప్పుడూ తప్పుతాదండి. యాభై నాలుగంటాది."

"ఎంతసేపు ఆగాలో ఎవరు నిర్ణయిస్తారు?"

"నేనైతే కాదండి. పిల్లల్ని అడిగాను. వాళ్లూ కాదన్నారు."

బడిలో అన్నం వండే నూకాలు గౌరి తల్లి. అందరికీ వడ్డించాక ఆవిడ వసుధ దగ్గరికి వచ్చి నిలబడింది. కొత్త మైకు వైపు చూస్తోంది.

"పాపా, ఆ మిసన్లో సన్నగా మాటాడినా పడతాదా?"

పడుతుందంది వసుధ.

"పాకలోకి మాస్టారి గొంతు ఇనబడతాది. కాదమ్మా అన్నదీ ఇనబడతాది. దాని గొంతే నాకు ఇనబడదు."

వసుధ నా వైపు చూసింది. లేనిది ఉందని చెప్పడం నా వల్ల కాదు, ఏమీ పడలేదని నేనే చెప్పేద్దామనుకున్నాను. కానీ ఆవిడ అప్పటికే చేతులు కొంగుకి తుడుచుకుని మెట్టు మీద కూర్చుంది. వసుధ హెడ్‌ఫోను ఆవిడ చెవులకి పెట్టి, పొద్దుటి ఏడెనిమిదుల దగ్గరినుంచి వినిపించింది. నూకాలు కళ్లు మూసుకుంది. ఆవిడ తల కొంచెం పక్కకి వంగింది, గది అవతల ఉన్నవాళ్ల మాటకి వంగినట్టు. తర్వాత చిన్నగా, విసుగ్గా నవ్వింది.

"ఇంకా యాభై నాలుగే అంటన్నాది."

గౌరి ఆ తప్పు ఇంట్లోనూ చెప్పి ఉంటుంది, తల్లికి తెలిసి ఉంటుంది. ఆ వివరణ నాకు చాలు అనుకున్నాను.

హెడ్‌ఫోను తిరిగి ఇస్తూ, దీన్ని కాగితం మీద ఏమని రాస్తావని అడిగింది. వసుధ దాచలేదు. గైడు చెప్పిన మాట చెప్పింది. నూకాలు ముఖం మారిపోయింది. వసుధ మణికట్టు పట్టుకుంది.

"జవాబు లేదని రాయకమ్మా. పెద్దోళ్లు సదివితే చోటు తీసెయ్యమంటారు. దానికి ఆలీసమవుతాది, అంతే."

తిరుగు బస్సులో వసుధని మొదటిసారి వెళ్లినప్పటి రికార్డు పెట్టమన్నాను. అది నేను అంతకుముందు వినలేదు. నాకూ ఏమైనా వినబడుతుందేమో పరీక్షించుకుందామనే. యంత్రం మీద సెకన్ల అంకెలు కనబడకుండా కళ్లు మూసుకున్నాను. మాస్టారు నాలుగో పిల్లని అడిగారు. గాలి, సరుగుళ్ల హోరు, వెనక అల. మరేమీ లేదు, అది ఒట్టేసి చెప్పగలను. అలా వింటూ ఉండగా ఒకచోట నాకు లోపలినుంచి 'ఇప్పుడు' అనిపించింది. అదే క్షణాన "ఆఁ, సరే" అన్నారు మాస్టారు. మరో ప్రశ్న పెట్టించాను, ఇంకొకటి పెట్టించాను. ఒక్కసారీ తప్పలేదు. హెడ్‌ఫోను తీసేసి వసుధ చేతిలో పెట్టాను.

బడిలో ఇన్నేళ్లు నేను జవాబుల్నే విన్నాను. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎవరైనా ఉంటారని అనుకోలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా ఏదైనా అడిగి ఆగినప్పుడు ఆ గది గుర్తొస్తోంది. ఎందుకు ఆగానో నాకే తెలియకుండా ఇంకొంచెం ఆగుతున్నాను. వసుధ తన అధ్యాయంలో ఆ బడిని ఉంచింది. నాలుగో పిల్ల వంతు వచ్చిన ప్రతి చోటా 'జవాబు లేదు' అనకుండా 'ఆలస్యం' అని రాసింది. గైడు ఒప్పుకోలేదు. తను దిద్దనంది. ఆ వాదన ఇంకా తేలలేదు, అందుకే ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆ తీరాన ఏ బడికైనా వెళ్లేవారు సాయంత్రం నాలుగులోపు బయల్దేరండి, తర్వాత రణస్థలానికి షేర్ ఆటో దొరకదు. లోపలికి వెళ్లాక చాప మీద చోటు ఖాళీగా కనబడినా, కూర్చునే ముందు పక్కనున్న పిల్లని అడగండి.