ఎండలో వేసిన పీట

బెంగాల్లోని మా ఖిదిర్‌పూర్ ఓడరేవు తెలుగువాళ్ళలో ఏ ఇంట బిడ్డ పుట్టినా మొదటి కబురు మహాలక్ష్మమ్మత్తకే వెళ్ళేది. ఆమె నాకు సొంత అత్తేమీ కాదు, పక్కింటామె. చంటిపిల్లలకి నీళ్ళు పోయడంలో మాత్రం మా డాక్ వైపు ఆమెకి సాటి లేదు. సోంపేట దగ్గర పల్లె నుంచి కూర్మయ్య మావకి పెళ్ళామై ఇక్కడికి వచ్చింది. మావ ఓడల్లో బస్తాలు దింపి దింపి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అత్త ఒక్క కొడుకుని పెట్టుకుని నిలబడింది.

మేం మొదట ఉన్న పాత బస్తీలో కుళాయి పక్కన సిమెంటు గట్టు ఉండేది. పొద్దుటి ఎండ ముందు అక్కడికే వచ్చేది. అత్త ఆ ఎండలో పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపి, కాళ్ళు బార్లా చాపి, బిడ్డని ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకునేది. నూనె మర్దనా చేసినంతసేపూ పిల్లలకి గుక్క తిప్పుకోని ఏడుపు. నా ఇద్దరు పిల్లలూ ఆ కాళ్ళ మీద పెరిగినవాళ్ళే. కంగారుపడి దగ్గరికి వెళితే, "నువ్వేటే మద్దిన? ఎల్లి అన్నం తిను" అని కసిరేది. నాకు ఒళ్ళు మండేది. అయినా నీళ్ళు పోసుకున్న పిల్లలు మధ్యాహ్నం దాకా కన్ను తెరిచేవారు కాదు కాబట్టి నోరు మూసుకునేదాన్ని. నా నోరు మూతపడడం ఎంత కష్టమో మా ఆయన పోలయ్యని అడగాలి.

తర్వాత బస్తీ పడగొట్టి మాకు మేడలో గదులిచ్చారు. అత్త వాళ్ళకి కింది గది వచ్చింది. ఉన్న ఒక్క కిటికీ ఎదురుగా గోడౌన్ గోడ. పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. నేనైతే ఆ గది ఇచ్చినవాడిని నానా మాటలూ అందును. అత్తకి మాత్రం అది తెగ నచ్చింది. ఇంట్లోనే కుళాయి, గ్యాసు మీద వేణ్ణీళ్ళు, తలుపు వేసుకుంటే ఈదురుగాలి లేదు.

"బాలింతని ఉంచడానికి ఇంతకన్నా మంచి గది ఏటి కావాల?" అనేది.

కొడుకు సుందర్‌కి కంటైనర్ల దగ్గర పని. కోడలు దుర్గాదేవి కవిటి నుంచి వచ్చిన పిల్ల. ఊరు కొత్త, భాష రాదు, గుమ్మం దాటేది కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాల్షియం మాత్రలు అత్త ఒక్క పూట మానకుండా మింగించింది. పాలగ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చునేది. కోడలిని అంత అపురూపంగా చూసుకున్న అత్తగారిని మా మేడలో నేను మరొకరిని చూడలేదు. అయినా దుర్గ నడుము లాగేస్తోందని, తొడలు సలుపుతున్నాయని మూలిగేది. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనని అత్తే ఆమె కాళ్ళు పట్టేది.

మంచి వానల్లో ఆడపిల్ల పుట్టింది. నూకరత్నం అని పేరు పెట్టారు. ఊరందరి పిల్లలకీ నీళ్ళు పోసిన చేతులకి చివరికి తన సొంత మనవరాలు దొరికింది. అత్త ముఖంలో వెలుగు చూసి తీరాలి. లైటు కింద, బాత్రూములో పీట వేసుకుని పోసేది. తల్లినీ బిడ్డనీ గదిలోంచి కదలనిచ్చేది కాదు.

దసరా పూజ పందిళ్ళు కడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం పాప ఒళ్ళు బిగుసుకుంది. కళ్ళు తేలేసింది, చేతులు కొట్టుకున్నాయి. కాసేపటికి దానంతట అదే తగ్గిపోయింది. ఆ రోజు పాప బట్టలు దీపాల వేళ దాకా బయట తీగ మీదే ఉండిపోయాయి. డాక్ మీద తిరిగే గద్దలు ఆ వేళకే గూళ్ళకి మళ్ళుతాయి. పక్షి నీడ బిడ్డ మీద పడినా, బిడ్డ బట్టల మీద పడినా ఫిట్స్ వస్తాయని మావాళ్ళ నమ్మకం. పక్షిదోషం అంటారు. మంత్రం వేసే పోలిరాజుని పిలిస్తే తాయెత్తు కట్టి, పిల్లకి ఆకాశం చూపించొద్దని చెప్పి పోయాడు. అత్త కూర్మయ్య మావ పాత కంబళి తెచ్చి కిటికీకి మేకులు కొట్టి బిగించింది.

కుడుతున్న జాకెట్లు పక్కన పడేసి నేను వెళ్ళి పోట్లాడాను. "డాక్టరుకి చూపించకుండా తాయెత్తులేంటి అత్తా?"

"తగ్గిపోనాది కదే. మల్లీ బయటికి తీస్తే ఆ పిట్ట నీడ తగుల్తాది. నీ జాకెట్లు నువ్వు కుట్టుకో."

మాటకి మాట అనుకుని వచ్చేశాను. కొన్నాళ్ళు బాగానే ఉందన్నారు. తర్వాత పాప పాలు తాగుతూ తాగుతూ అలిసిపోవడం మొదలైంది. నుదుటి నిండా చెమట. ఒక పొద్దున్న మళ్ళీ ఫిట్స్ వచ్చి, ఈసారి ఆగలేదు. సుందర్ పాపని ఎత్తుకుని టాక్సీ కోసం పరిగెత్తాడు. బెంగాలీ మాట్లాడగలనని నన్నూ ఎక్కించుకున్నారు.

పిల్లల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ రక్తం తీయించి చూసింది. కాల్షియం బాగా పడిపోయిందంది. సూదితో నరంలోకి ఎక్కిస్తూ, "పాపకి రోద్దూర్ తగులుతుందా?" అని అడిగింది.

"ఏటంటాది?" అంది అత్త.

"పిల్లకి ఎండ తగులుతోందా అని."

"ఎండేటి? గాలి కూడా తగలనియ్యలేదని సెప్పు," అంది అత్త గర్వంగా.

చెప్పాను. డాక్టరమ్మ నెమ్మదిగా విడమరిచింది. పాలలో, మాత్రల్లో ఎంత కాల్షియం ఉన్నా పేగు దాన్ని సరిగ్గా పీల్చుకోవాలంటే విటమిన్ డి కావాలట. ఎండ ఒంటి మీద పడితే చర్మమే దాన్ని తయారుచేస్తుందట. అది లేకపోతే తిన్నదాంట్లో చాలా భాగం అలాగే బయటికి పోతుంది. రక్తం మాత్రం కాల్షియం లేకుండా ఉండలేదు, ఎముకల్లోంచి లాక్కుంటుంది. దుర్గ తొడలు సలపడం అందుకే. తల్లిలోనే విటమిన్ లేకపోతే కడుపులో బిడ్డకి ఎక్కడిది? పుట్టాక విటమిన్ చుక్కల మందూ పడలేదు, ఎండా లేదు. లాక్కోవడానికి కూడా మిగలనప్పుడు నరాలు అదిరి ఫిట్స్ వస్తాయి, గుండె కండ బలం తగ్గిపోతుంది. పాప గుండె అప్పటికే వాచిపోయిందట.

నేను ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే అత్త నా నోటివంకే చూస్తూ ఉంది. అంతా అయ్యాక నా చెయ్యి పట్టుకుంది.

"పాత బస్తీలో ఎండలోనే పోసీదాన్ని కదే రమా. పిల్లలు సలికి వణక్కుండా ఉంటారని అక్కడ పీట ఎసీదాన్ని. ఈ గదిలో సలి లేదు కదా అనుకున్నాను. ఎండతో ఇంత పనుందని నాకు తెల్దే."

ఫిట్స్ ఆగిపోయాయి. పాప కళ్ళు తెరిచి దుర్గ వేలు పట్టుకుంది. బతుకుతుందనే అనుకున్నాం. అత్త ఇంటికి పరిగెత్తి కంబళి పీకి పారేసి వచ్చింది. కానీ ఆ చిన్న గుండె తేరుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం రత్నం పోయింది. దుర్గ ఏడవలేదు. అత్త గోడకి తల కొట్టుకుంటుంటే సుందర్ పట్టుకున్నాడు. తాయెత్తు రోజు పోట్లాడింది నేనే. కానీ ఆ పాపని అందరికంటే ఎక్కువగా ప్రేమించిన మనిషిని ఏమని తిట్టను?

డాక్టరమ్మ దుర్గకి మందులు రాసింది, రోజూ ఎండలో కూర్చోమంది. కంబళి తీసినా ఆ గదిలోకి ఎండెక్కడిది? ఇప్పుడు రోజూ ఎండ ఎక్కాక అత్త కోడలి చెయ్యి పట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కిస్తుంది. నీళ్ళు పోసే పీట మేడ మీద వేసి దుర్గని దాని మీద కూర్చోబెడుతుంది. దుర్గ కూర్చుంటుంది, మాట్లాడదు. చంటిపిల్లల కోసం ఎవరైనా కబురు పెడితే, "ఎండలో పొయ్యండి. నా సెయ్యి మాత్రం ఒద్దు," అని పంపేస్తుంది అత్త.

మొన్న బట్టలారేయడానికి మేడ మీదికి వెళితే, దుర్గ పీట మీద కూర్చుని ఉంది, అత్త నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఉంది. ఎండ జరిగే కొద్దీ తనూ కాస్త కాస్త పక్కకి జరుగుతోంది.

"కాళ్ళు లాగడం లేదా అత్తా? వెళ్ళి దుర్గ పక్కన కూర్చోవచ్చు కదా," అన్నాను.

"నా నీడ దాని మీద పడతాదే," అంది. తర్వాత గొంతు తగ్గించి, "పిట్ట నీడనుకున్నాను గానీ రమా, ఆ సంటిగుంట మీద పడింది నా నీడే."

ఆ మాట దుర్గకీ వినబడింది. ఆమె వెనక్కి తిరగలేదు గానీ, పీట మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. అత్త ఆ చోటువంక చూస్తూ ట్యాంకు పక్కనే నిలబడిపోయింది.